కేసులు: లేవు

మాల్యాద్రి పాస్‌పోర్టు ఎంక్వైరీకి నేనే పోయాను.
చీమకుర్తిలో, రామతీర్థం రోడ్డు దిగాక
రేకుల ఇల్లు. తడిక మీద తువ్వాలు ఆరేసుంది.
రెండు ఫొటోలు, ఇద్దరు పొరుగువాళ్ల సంతకాలు,
"మంచోడే సార్, క్రేను తోలతాడు" అని ఒక మాట.
కేసులేమైనా ఉన్నాయా?
లేవు, అని రాశాను.
టీ ఖర్చులకని అతనిచ్చిన రెండొందలు వద్దనలేదు.
ఇదీ రాసుకోవాలి, ఎక్కడో ఒకచోట.

పుస్తకం వచ్చిన ఏడాదికి
క్వారీలో ఇనపతాడు తెగింది.
నల్లరాయి, లోపల బంగారు చుక్కలు,
ఏ దేశంలోనో స్నానాలగదికి గచ్చు కావాల్సిన రాయి
ఇరవై టన్నులు
పెంచలయ్య మీద కూర్చుంది.
పంచనామా నేనే రాశాను.
"రాయి పక్కన ఒక చెప్పు" అని రాసి
కుడిదా ఎడమదా అని
చాలాసేపు ఆగిపోయాను.

తాడు పీచులు లేస్తోందని
మూడుసార్లు చెప్పానంటాడు మాల్యాద్రి.
ఎవరికి చెప్పాడో ఆ పేరు
చార్జిషీటు దాకా నడవలేకపోయింది.
మీట నొక్కిన చెయ్యి ఒక్కటే మిగిలింది.
ఆ చెయ్యి అప్పటికే కువైట్‌లో
ఇంకో క్రేను మీద ఉంది.

సమన్లు పోయాయి. వారంటు పోయింది.
ఆ తర్వాత నేను మోసుకెళ్లిన కాగితం:
పాస్‌పోర్టు ఏల స్వాధీనపరచుకొనరాదో
పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.
వాళ్లన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు.
తలుపుకు అంటించాను. మైదా జిగురు, ఇద్దరు సాక్షులు.
ఆ పొరుగువాళ్లే.
సంతకాలు ఈసారి వంకర పోయాయి.

రాత్రి పదకొండున్నరకు వాట్సాప్ కాల్.
అక్కడ తొమ్మిది.
"సార్, బుక్కు ఎంబసీలో అప్పజెప్పమంటుండారు.
అప్పజెప్తే ఈడ దొంగని.
అప్పజెప్పకుంటే ఆడ దొంగని.
కోర్టుకు రమ్మంటారు, వచ్చే దోవ లాక్కుంటారు.
ఎట్టా రావాల సార్, ఈదుకుంటా రానా?"
వన్‌వే కాగితం ఒకటి ఇస్తారంట, అడిగి చూడు, అన్నాను.
"వన్‌వే" అన్నాడు.
వెనక ఎవరో అరబ్బీలో కేకేశారు. కాల్ పోయింది.

ఒంగోలు కోర్టు వరండాలో మస్తానమ్మ,
ప్రతి వాయిదాకీ అదే స్తంభం, అదే సంచి.
"వాడి పుస్తకం గుంజుకున్నారంటగా. నాకిస్తారా?"
ఇవ్వరమ్మా. అది సర్కారు సొత్తు, అందులోనే రాసుంటది.
"ఎన్ని పేజీలు?"
ముప్పై ఆరు.
వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.
"మాయన పేరు క్వారీ మస్టర్లో ఒక్క పేజీలో కూడా లేదన్నారు.
అసలు పనికే రాలేదంట.
మరి రాయి కిందికి ఎందుకు పోయినట్టు, నిద్రకా?
వాణ్ణి రానీండి సార్.
శిక్షేస్తారో వదిలేస్తారో మీ ఇష్టం.
ఈయన ఆడ పనిచేసినాడని చెప్పేదానికి
నాకుండేది వాడొక్కడే."
నాకు దాహమేసింది. కుళాయి దగ్గరికి పోయి
నీళ్లు తాగకుండా నిలబడ్డాను.

నిన్న ట్యాబ్‌లో కొత్త ఎంక్వైరీ పడింది.
క్వారీ యజమానిది. పేజీలు నిండిపోయాయి:
చైనా, ఇటలీ, మళ్లీ చైనా.
ఈసారి అరవై పేజీల పుస్తకం అడిగాడు.
ఇల్లంతా ఆ రాయే.
గుమ్మం బయట కుడిచెప్పు పక్కన ఎడమచెప్పు సర్దిపెట్టి
బంగారు చుక్కల మీద నిలబడ్డాను.
పాదాలకు చల్లగా ఉంది, నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.
కాఫీ వచ్చింది.
కేసులేమైనా ఉన్నాయా?
దారిలో పట్టిన రాతిపొడికి
తెర నా వేలిని గుర్తుపట్టలేదు.
చొక్కాకు తుడుచుకుని
మళ్లీ నొక్కాను.